చిక్కుడు గింజలకి ఇనప్పెట్టె

మా బావ లెక్కలో మనుషులు రెండే రకాలు. దొరికిన దొంగలు, ఇంకా దొరకని దొంగలు. నేను రెండో రకం. మా అక్కని చేసుకున్న రోజునే నన్ను ఆ రకంలో చేర్చేశాడు, ఎందుకంటే ఆ రోజు ఆయన కొత్త చెప్పులకి దగ్గరగా నిలబడ్డవాణ్ణి నేనే.

ఆయన పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. ఉద్యోగమంతా ఒక కిటికీ వెనకాలే గడిచిపోయింది. కిటికీకి ఇనుప జాలీ, జాలీలో చెయ్యి పట్టేంత కన్నం. ఆ కన్నంలోంచి బోల్టులు, గ్రీజు డబ్బాలు, చేతి తొడుగులు ఇచ్చేవాడు. ఇచ్చేవాడు అన్నానుగానీ ఆ మాట ఆయనకి గిట్టదు. ఇష్యూ చేసేవాడు అనాలి. ఆ స్టోరుకి ఒకటే నియమం: పాతది చూపిస్తేనే కొత్తది. చిరిగిన తొడుగు తెస్తేనే కొత్త తొడుగు, మాడిన బల్బు తెస్తేనే కొత్త బల్బు. ఒకసారి ఒక ఫిట్టరు తన సుత్తి బావిలో పడిపోయిందని వస్తే, "పాత సుత్తి ఏదీ?" అన్నాడట. "బావిలో ఉంది సార్" అంటే, "అయితే కొత్తది కూడా బావినే అడుగు" అన్నాడట. ఈ కథ ఆయనే చెప్పుకుని ఆయనే నవ్వుకుంటాడు. ఆ ఫిట్టరు ఆ రోజు పని ఎలా చేసుకున్నాడో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఫ్యాక్టరీలో ఎలా ఉంటేనేం, జీతం ఇచ్చేవాళ్ళ ఇష్టం. ఈ మహానుభావుడు ఆ నియమాన్ని ఇంటికి కూడా మోసుకొచ్చాడు. మా అక్కకి కొత్త సబ్బు కావాలంటే అరిగిపోయిన ముక్క చూపించాలి. అగ్గిపెట్టె కావాలంటే ఖాళీ పెట్టె చూపించాలి. సరుకుల బీరువాకి తాళం, ఆ తాళంచెవి ఉన్న సొరుగుకి ఇంకో తాళం. అన్ని తాళంచెవుల గుత్తీ బెల్టుకి వేలాడుతూ ఉంటుంది. ముందు గుత్తి చప్పుడు వినిపిస్తుంది, తరవాత ఆయన కనిపిస్తాడు. ఒకసారి వాళ్ళింట్లో భోంచేసి చేతులు కడుక్కుంటుంటే సబ్బు నా చేతిలోంచి జారి తూములోకి పోయింది. మా అక్క ముఖం పాలిపోయింది. సబ్బు పోయినందుకు కాదు, పాత ముక్క లేకుండా కొత్తది ఎలా అడగాలా అని. ఆ రోజు నుంచి ఆ ఇంటికి వెళ్తే నా సబ్బు నా జేబులోనే ఉంటుంది.

మా నాన్న అక్కకి ఇచ్చిన చేను ఒకటుంది. ఊరికి దూరంగా, చుట్టూ రాతి గోడ, ముందు ఊచల గేటు, లోపల ఒక రేకుల షెడ్డు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బావ ఆ చేను వంక చూడలేదు, అందుకే అది బాగుండేది. అక్క అక్కడ చిక్కుడు వేసేది. ఆ గింజ మీద నల్లటి మచ్చ ఉంటుంది. మా అమ్మ దగ్గర నుంచి వచ్చిన విత్తనం. నీళ్ళు తక్కువైనా కాస్తుంది, పురుగు దాని జోలికి పోదు. ఏ విత్తనాల కొట్లోనూ దొరకదు. నేను అడిగి చూశాను, కొట్టువాడు నవ్వాడు. ప్రతి ఏడూ అక్క మంచి గింజలు ఏరి, ఎండబెట్టి, బూడిద కలిపి, రేకు డబ్బాల్లో పోసి, షెడ్డులో అటక మీద పెట్టేది. ఆ అటకకి తలుపు లేదు. ఎవరైనా అడిగితే ఇచ్చేదే, కానీ ఈ రోజుల్లో అడిగేవాళ్ళెవరు? అందరూ ప్యాకెట్టు మీద బొమ్మ చూసి కొనుక్కునేవాళ్ళే. అక్క బతుకులో మా బావ తాళం పడని వస్తువు ఆ గింజలొక్కటే.

ఇంతలో బావ ఉద్యోగం అయిపోయింది. ఫ్యాక్టరీవాళ్ళు స్టోరు తాళాల గుత్తి తీసేసుకుని, చేతికో గడియారం కట్టి పంపించారు. ఇంటికొస్తూనే బజారుకెళ్ళి కొత్త తాళాలు కొనుక్కున్నాడు. ఇంట్లో వెయ్యగలిగిన చోటల్లా వేశాక కూడా కొన్ని మిగిలాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి చేను.

ఆయన అక్కడ అడుగు పెట్టిన రోజుల్లోనే అక్క ఎండు చిక్కుళ్ళు పట్టా మీద ఆరబోసింది. పక్కన పాక వేసుకుని మేకలు పెంచుకునే ఆవిడ గేటులోంచి లోపలికొచ్చి, "వదినా, నాలుగు కాయలు పట్టుకెళ్తా" అంది. "నాలుగేంటి, ఒడి నింపుకో" అంది అక్క. ఆవిడ ఒడి నింపుకుని, పట్టపగలు, కుర్చీలో కూర్చున్న మా బావ ముందు నుంచే వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ "వస్తా అన్నయ్యా" అని కూడా చెప్పింది. ఇంత మర్యాదగల దొంగతనం ఎక్కడైనా ఉంటుందా? ఆవిడ గేటు దాటిందో లేదో బావ కుర్చీలోంచి లేచాడు.

"చూశావా? కళ్ళముందే దోచుకుపోయింది."

"నేనే ఇచ్చానండీ."

"నువ్విచ్చేదేంటి? గేటు పాసు రాశావా? పాసు లేకుండా గేటు దాటిన సరుకు ఏదైనా దొంగసొత్తే."

"చిక్కుడుకాయలకి గేటు పాసేంటండీ! ఎవరైనా వింటే నవ్వుతారు."

"నవ్వేవాళ్ళనే ముందు పట్టుకోవాలి."

ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నాడని సామెత. ఇక్కడ ఎలుక కూడా లేదు. ఆ చేలో కాపలా కాయాల్సిన ఆస్తి ఏమిటంటే ఒక తోపుడు బండి, మందు కొట్టే యంత్రం, రెండు పారలు, కొన్ని తాళ్ళు. వాటికోసం మా బావ ఓడల్లో సరుకు మోసే ఇనుప పెట్టెని బేరం చేశాడు. కంటైనర్ అంటారే, రైలు పెట్టెంత ఉంటుంది, అది. దానికి కిటికీలు లేవని, గోడలన్నీ ఉక్కువని, ఏనుగు తోసినా కదలదని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ చుట్టుపక్కల ఏనుగులు లేవు.

నాకు వెల్డింగు షాపుంది. అలాంటి పాత పెట్టెలు కోసి కొట్లుగా, ఆఫీసు గదులుగా మార్చి ఇస్తుంటాను కాబట్టి వాటి గుణం నాకు కొంత తెలుసు. నోరూరుకోక వెళ్ళి చెప్పాను.

"బావా, నాలుగు మూలల కిందా రాళ్ళు పెట్టించు, మట్టం చూసి. ఒక మూల కుంగిందంటే తలుపులు పట్టేస్తాయి. పైన ఏదైనా నీడ ఉండాలి. గాలి కన్నాలు మాత్రం మూయకు. పగలు లోపల ఉడికిపోతుంది, చల్లబడ్డాక కప్పుకి చెమట పడుతుంది."

"ఇనుముకి చెమటేంట్రా? రాళ్ళ పని నీకివ్వాలి, నీడకి రేకుల పని నీకివ్వాలి. అంతేగా?"

"నాకేం వద్దు. ఎవరిచేతైనా చేయించుకో."

"ఊరికే సలహా ఇచ్చేవాడి మీద ఇంకా ఎక్కువ కన్నేసి ఉంచాలి" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. ఇక నోరు మూసుకున్నాను. కానీ పెట్టె దిగే రోజున చూడ్డానికి మాత్రం వెళ్ళాను. అలాంటి వేడుకలు మానుకునేంత మంచివాణ్ణి కాదు నేను.

క్రేను ఉన్న లారీ మీద వచ్చింది పెట్టె. డ్రైవరు దిగి, చెమట తుడుచుకుని, అందరినీ అడిగే మాటే అడిగాడు.

"సార్, తలుపులు ఎటువైపు పెట్టమంటారు?"

బావ చుట్టూ చూశాడు. గేటు బయట మేకలావిడ, సైకిలు మీద పోతూ ఆగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు.

"తలుపుల సంగతి నీకెందుకు?"

"ఎటు దించాలో తెలియాలి కద సార్."

"తలుపెక్కడుందో తెలుసుకుని ఏం చేస్తావ్? నీ పని దించడం. అదిగో ఆ మూల, గోడకి ఆనించి దించు. వెనకాల సందు ఉండకూడదు, ఎవడైనా దాక్కుంటాడు."

డ్రైవరు నా వంక చూశాడు. నేను మబ్బుల వంక చూశాను. బావ వెళ్ళి, రోడ్డు మీదివాళ్ళకి ఏమీ కనబడకుండా గేటుకి అడ్డంగా చేతులు చాచి నిలబడి, వెనక్కి తిరగకుండానే "జరుపు, ఇంకా జరుపు" అని అరుస్తూ ఉన్నాడు. డ్రైవరు జరిపాడు. లారీ మీద ఎలా ఉందో అలాగే దింపి, గొలుసులు విప్పుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు మా బావ కొత్త తాళం చేత్తో పట్టుకుని పెట్టె దగ్గరికి వచ్చాడు. ముందు తలుపుల్లేవు. ఈ పక్కకి వెళ్ళాడు, లేవు. ఆ పక్కా లేవు. తలుపులు గోడవైపు ఉన్నాయి. గోడకీ వాటికీ మధ్య మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు మిగిలింది.

ఇంకొకడైతే నెత్తి బాదుకునేవాడు. మా బావ పొట్ట బిగబట్టి ఆ సందులో దూరాడు. తలుపు మూరెడు తెరుచుకుని గోడకి తగిలి ఆగిపోయింది. ఆ మూరెడు సందులోంచి లోపలికి తొంగి చూసి, తాళం వేసి, బయటికొచ్చి చొక్కా దులుపుకున్నాడు.

"చూశావా? తలుపెక్కడుందో దొంగకి కనిపించను కూడా కనిపించదు" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ దారిలోంచి తోపుడు బండి పట్టలేదు. మందు కొట్టే యంత్రమూ పట్టలేదు. ఏ వస్తువుల కోసం పెట్టె కొన్నాడో అవి బయటే, గోనె పట్టా కప్పుకుని ఉండిపోయాయి. లోపలికి పారలు, తాళ్ళు, పాత సంచులు, వానకి నానిన చెక్కముక్కలు చేరాయి. ఎంత పెట్టినా ఆ పెట్టెలో ఒక మూల కూడా నిండలేదు. ఖాళీ పెట్టెకి తాళం వేసుకుని తిరగడం ఆయనకే ఎబ్బెట్టుగా తోచినట్టుంది. అప్పుడు కన్ను అటక మీద పడింది.

"ఈ డబ్బాలకి తాళం ఏదీ?"

మా అక్క అంతవరకూ దేనికీ అడ్డుపడిన మనిషి కాదు. ఆ రోజు నిచ్చెనకి అడ్డం నిలబడింది.

"అవి మాత్రం వద్దండీ. అవి అక్కడే ఉండాలి. వాటికి గాలి తగలాలి."

"గాలి వచ్చే దారిలోనే దొంగ వస్తాడు."

"చిక్కుడు గింజల కోసం ఎవరొస్తారండీ? పోనీ వచ్చి పట్టుకెళ్ళినా ఎక్కడో ఒకచోట నాటుకుంటారు. పాడైపోయాయంటే మాత్రం నాకింక దొరకవు. మా అమ్మదంటూ నాకు మిగిలింది అదొక్కటే."

"అందుకేగా భద్రం చేస్తానంటున్నాను!"

ఈ ఒక్క మాట వింటే ఎంత ప్రేమగల భర్తో అనిపిస్తుంది. మనిషిని పక్కకి జరిపి నిచ్చెన ఎక్కాడు. బూడిద మురికి అంటూ గింజలు జల్లించి, బూడిద పారబోశాడు. గింజల్ని కొత్త గుడ్డ సంచుల్లో పోసి, మూతులు కుట్టి, కుట్టు మీద ఫ్యాక్టరీలో వేసినట్టు లక్క ముద్రలు వేశాడు. వాటిని పెట్టెలో నేలమీద వరసగా పేర్చాడు. పై అంచున గాలి కన్నాలు కనబడితే, దొంగ పుల్ల దూరుస్తాడని సిమెంటు మెత్తాడు. లక్క ముద్రలు చాలా బాగా వచ్చాయని అక్కని పిలిచి చూపించాడు కూడా. అక్క రాలేదు.

ఎండలు ముదిరాయి. మధ్యమధ్య జల్లులు పడుతున్నాయి. ఒక ఉదయం బావ సందులో దూరి తలుపులోంచి తల పెడితే, నెత్తిమీద నీటిబొట్టు పడింది. కప్పుకి ఎవరో కన్నం పెట్టారని తేల్చేశాడు. మిట్టమధ్యాహ్నం పెట్టె మీదికెక్కి, కాలుతున్న రేకు మీద గెంతులేస్తూ కన్నం వెతికాడు. లేని కన్నం ఎక్కడ దొరుకుతుంది? దొరకలేదు కాబట్టి కప్పు మొత్తానికి నల్లటి తారు పూశాడు. తారుకి పెట్టె ఇంకా వేడెక్కింది, చల్లబడ్డప్పుడల్లా ఇంకా చెమట కార్చింది, ఆ చెమటంతా కింద సంచుల మీద పడింది. బావ మాత్రం మేకలావిడని గోడ దగ్గరికి పిలిచాడు.

"నీ మేకలు నా పెట్టె మీదికెక్కి తొక్కుతున్నాయా?"

ఆవిడ పెట్టె ఎత్తు చూసింది, తన మేకల ఎత్తు చూసింది. "అంత ఎత్తుకి ఎగరగలిగితే సర్కసుకి ఇచ్చి కూర్చునేదాన్నిగా అన్నయ్యా, వీటి వెనక ఈ తిరుగుడు ఎందుకు నాకు?" అంది.

తరవాత పెద్ద వాన పడింది. విత్తుకునే అదును అదే. అక్క చేను దున్నించి, పందిరి గుంజలు సరిచేయించి, గింజలు ఇవ్వమంది. బావ తాళంచెవి తీసుకుని సందులోకి వెళ్ళాడు. తాళం వచ్చింది, తలుపు రాలేదు. కింద రాయి లేదు కదా, తడిసిన నేలలో ఒక మూల దిగబడిపోయింది. పెట్టె వంగి తలుపులు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. గుంజాడు, తన్నాడు. గడ్డపారతో ఎత్తుదామంటే ఆ సందులో గడ్డపార తిప్పడానికి చోటు లేదు. అక్క అడిగినప్పుడల్లా "రేపు తీస్తా" అన్నాడు. చుట్టుపక్కల చేలన్నీ విత్తేశారు. చివరికి అక్క నాకు ఫోన్ చేసింది.

"ఒకసారి రారా. మీ బావ నిన్ను పిలవడు. నేను పిలుస్తున్నా. నా గింజలు లోపలున్నాయి."

ఇనుము కోసే గ్రైండరు తీసుకుని వెళ్ళాను. బావ నా వెనకే తిరుగుతూ, "ఎటువైపు కోస్తావ్? ఎంత కోస్తావ్?" అన్నాడు.

"అది నీకెందుకు బావా?" అన్నాను. చాలా రోజులుగా దాచుకున్న మాట అది.

షెడ్డుకి ఎదురుగా ఉన్న పక్క, మనిషి నిలువెత్తున కోశాను. ఏనుగు తోసినా కదలని ఆ ఉక్కు గోడ టీ చల్లారేలోపు ఊడి కింద పడింది. ఆ వెంటనే లోపలి గాలి ముఖాన కొట్టింది. మురిగిన గింజల కంపు. బావ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అక్క మాత్రం తిన్నగా లోపలికి నడిచింది.

సంచుల గుడ్డ చీల్చుకుని తెల్లటి మొలకలు వచ్చి, వెలుగు లేక వాడి, పడిపోయి ఉన్నాయి. కొన్ని సంచులు నల్లగా, జిగురుగా ఉన్నాయి. అక్క ఒక్కొక్కటే బయటికి తెచ్చి, కుట్లు తెంపి, నేలమీద పోసి, వేళ్ళతో కెలికి చూసింది. గట్టిగా ఉన్న గింజ ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. ఆఖరి సంచీ దాకా చూసింది. లక్క ముద్రలు మాత్రం ఎక్కడా చెక్కుచెదరలేదు.

నాకు మా బావని చూస్తే నవ్వొచ్చేది ఎప్పుడూ. ఆ రోజు రాలేదు. అసహ్యం వేసింది. మా అమ్మ చేతి గింజని ఏ దొంగా ముట్టలేదు, ఏ పురుగూ ముట్టలేదు, ఏ కరువూ తినలేదు. ఈ మనిషి భద్రం చేసి చంపాడు. నాలుగు మాటలు అందామని లేచాను, కానీ అక్క నాకంటే ముందు లేచింది. ఏడుపు లేదు ముఖంలో. కుళ్ళిన సంచీ ఒకటి రెండు చేతులా పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఇదిగోండి, పాతది. కొత్తది ఇవ్వండి."

బావ సంచీ వంక చూశాడు, నా వంక చూశాడు. "కొట్లో అడుగుదాం..." అన్నాడు.

"కొట్లో ఉండదు."

"అయితే ఇప్పుడు..."

"మీ నియమమేగా. పాతది చూపించాను. కొత్తది ఇష్యూ చెయ్యండి."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని అడిగినవన్నీ జాలీ కన్నంలోంచి అడిగినట్టే అడిగింది. ఇప్పుడు మధ్యలో జాలీ లేదు. సంచీ దించలేదు, అక్కడి నుంచి కదలలేదు. బావ ఆ చూపు తప్పించుకోడానికి పక్కకి తిరిగాడు. తిరిగితే గోడ, గోడ అవతల మేకలావిడ పాక. పాక చూరుకి ఎండు చిక్కుడుకాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆ రోజు ఒడిలో పట్టుకెళ్ళినవే. దొంగసొత్తు గాలికి ఊగుతోంది, రోడ్డున పోయే ఎవరు చెయ్యెత్తినా అందేలా. ఎవరూ ఎత్తుకుపోలేదు.

"నువ్వెళ్ళి అడుగు" అన్నాడు బావ అక్కతో, గొంతు తగ్గించి. "నీతో బాగా ఉంటుందిగా."

"ఇష్యూ చేసేది మీరు" అంది అక్క. సంచీ ఆయన చేతుల్లో పెట్టింది.

బావ గేటు దాటాడు. దాటి, అలవాటు ప్రకారం, లోపల పెళ్ళాం ఉండగానే బయటి నుంచి తాళం వేశాడు. నేను కూడా గ్రైండరు అక్కడే వదిలేసి ఆయన వెంట వచ్చాను. ఇదీ మానుకోదగ్గ వేడుక కాదు.

మేకలావిడ దడికి గేటు లేదు, ఒక తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు ముందు మా బావ ఆగిపోయాడు. "తాడు తీసుకుని రా అన్నయ్యా" అంది ఆవిడ లోపల నుంచి. ఆయన తీయలేదు. కుళ్ళిన సంచీని తాడు మీంచి ముందుకి చాపాడు.

"పాతది తెచ్చాను" అన్నాడు.

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. దగ్గరికొచ్చి సంచీ వాసన చూసి ముఖం తిప్పుకుంది. "ఇదెందుకన్నయ్యా? మేకలు కూడా ముట్టవు, అవతల పారెయ్యి" అంది. తరవాత ఆయన వెనక ఉన్న పెట్టె వంక, దానికి నేను కోసిన కన్నం వంక చూసింది. అప్పుడు అర్థమైంది. ఇంకేమీ అడగకుండా వెళ్ళి చూరు నుంచి గుత్తులు దించింది. ఒక్క గుత్తి తనకి ఉంచుకుంది.

"ఒడి పట్టు" అంది.

మా బావ చొక్కా అంచు రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. జీవితంలో ఎవరికీ దోసెడు ఏదీ ఊరికే ఇవ్వని మనిషి ఒడి పట్టి నిలబడ్డాడు. ఆవిడ కాయలన్నీ అందులో పోసి, "వదిన ఇచ్చినవేగా" అని, మేకల దగ్గరికి వెళ్ళిపోయింది. పాసు అడగలేదు.

తిరిగి వచ్చి ఆయన తన గేటు ముందు నిలబడ్డాడు. తాళం వేసి ఉంది. గుత్తి బెల్టుకి ఉంది. రెండు చేతుల్లోనూ చొక్కా నిండా కాయలు. ఒక చెయ్యి వదిలితే కాయలు బురదలో పడతాయి. పక్కనే నేనున్నాను. "తాళం తియ్యరా" అంటే ఒక్క క్షణం పని. ఆ గుత్తి నా చేతికివ్వడం ఆ స్థితిలో కూడా ఆయన వల్ల కాలేదు. నేను కూడా కదల్లేదు.

అక్క లోపలి నుంచి వచ్చింది. ఆయన్ని, చొక్కాని, కాయల్ని చూసింది. ఊచల మధ్య నుంచి చెయ్యి చాచి, ఆయన బెల్టుకున్న గుత్తి విప్పుకుంది. తాళం తానే తీసింది. కాయలు తన ఒడిలోకి వంపుకుని, గుత్తి కూడా అందులోనే వేసుకుని, షెడ్డు వైపు వెళ్ళిపోయింది. బావ ఖాళీ చొక్కా అంచు ఇంకా పట్టుకునే ఉన్నాడు.

ఆలస్యమైనా గింజలు విత్తారు, మొలిచాయి. పెట్టె ఇంకా అక్కడే ఉంది. వాన వస్తే మేకలు నేను కోసిన దారిలోంచి లోపలికెళ్ళి నిలబడతాయి, బావ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. మొన్న వాళ్ళింటికెళ్ళాను. సరుకుల బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. కుళాయి దగ్గర కొత్త సబ్బు, దాని పక్కనే పారేయని పాత ముక్క. నా సబ్బు జేబులోనే ఉండిపోయింది.

తాళాల గుత్తి చేలో షెడ్డు అటక మీద ఉంది, మిగిలిన గింజల డబ్బా పక్కన, తలుపు లేని చోట. బావ నిచ్చెన ఎక్కి తీసుకోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ అక్క ఒకటే మాట చెప్పింది, కావాలంటే నన్ను అడగండి, ఇస్తాను అని. మా బావ ఇంకా అడగలేదు.